క్లోజ్ కొడితే పని అయినట్టేనా?

పెద్ద బిల్డింగు కట్టేకాడ రోజూ లోపాలు బయటపడ్తయ్. గోడకు పగులు, మెట్లకు రెయిలింగ్ లేకపోవుడు, ఇట్లాంటివి. ఇంజినీర్లు వీటిని ఆటోడెస్క్ కన్‌స్ట్రక్షన్ క్లౌడ్ అసొంటి సాఫ్ట్‌వేర్ల ఎక్కిస్తరు. ఒక్కోదానికి ఒక స్టేటస్ ఉంటది: ఓపెన్, ఇన్ రివ్యూ, క్లోజ్‌డ్. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును అడిగే తొవ్వ. ‘ఓపెన్‌ల ఎన్నున్నయ్?’ అని అడిగితే చిటికెల అంకె చెప్తది.

కానీ తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, అది స్టేటస్‌నే లెక్కవెడ్తది, మెట్లెక్కి చూడది. రెయిలింగ్ పెట్టకుండనే క్లోజ్ కొడితే ఓపెన్‌ల ఒకటి తగ్గుతది. పడేది మాత్రం కూలికొచ్చినోడే. అందుకే అంకె ఒక్కటే చూస్తె సాలదు. ఎవరు క్లోజ్ చేసిన్రు, ఎన్ని రోజులకు చేసిన్రు, ఫొటో ఏది అని అడగాలె. రేపు మన ఊర్ల బడి కట్టినా గిదే అడగాలె.