ఇంటి వీడియోల కూర్పు: మాయమయ్యే దృశ్యం, గతి తప్పే శబ్దం

2000లో విండోస్ ఎంఈతో పాటు వచ్చిన విండోస్ మూవీ మేకర్, పెళ్లి, పుట్టినరోజు వంటి వేడుకల దృశ్యాలను ఇంటి కంప్యూటర్‌లోనే కత్తిరించి, వరుసగా పేర్చి, పాట జోడించే వీలును సామాన్యులకు కల్పించింది. 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాని డౌన్‌లోడ్‌ను నిలిపివేసినా, ఆ తరహా సాఫ్ట్‌వేర్ల పద్ధతి నేటికీ దాదాపు అదే. వీటిలో సేవ్ చేసే ‘ప్రాజెక్టు’ ఫైలు సాధారణంగా సినిమా కాదు. ఏ క్లిప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, అసలు వీడియో ఏ ఫోల్డరులో ఉందో తెలిపే చిట్టా మాత్రమే. అందుకే వీడియోలున్న పెన్‌డ్రైవ్ తీసివేసినా, ఫోల్డరు పేరు మార్చినా దృశ్యానికి బదులు హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. వాటిని పాత చోటనే, పాత పేరుతో ఉంచితే చాలావరకు కూర్పు తిరిగి వస్తుంది కనుక, కంగారుపడి పని మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు.

ఇంతకంటే చిక్కైనది మాటకూ పెదవికీ పొంతన తప్పడం. చాలా ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల, అంటే విడి చిత్రాల, సంఖ్యను మారుస్తుంటాయి. స్థిరమైన సంఖ్యను ఆశించే సాఫ్ట్‌వేర్‌లో అటువంటి వీడియో పడితే, ఆరంభంలో సరిగానే ఉన్న శబ్దం పోనుపోను దృశ్యానికి దూరమవుతుంది. ఉచితంగా లభించే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేటును ఎంచుకొని, వీడియోను సెకనుకు 30 ఫ్రేములకు మార్చుకున్న తరువాతే కూర్పు మొదలుపెట్టడం మేలు. బంధువులకు మాత్రం ప్రాజెక్టు ఫైలు కాక, ఎంపీ4గా ఎగుమతి చేసిన ఫైలునే పంపాలి.