ఒక్కపొద్దు నాడు చక్కెర ఎక్కడిది?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు గురువారం వచ్చిందంటే ఒక్కపొద్దు ఉండే ఇల్లాళ్లకు కొదవ లేదు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి పక్కనే ఉన్నారాయె! ఏకాదశి నాడు మాధ్వుల ఇళ్లలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని పెద్దవాళ్లుంటారు. రంజాన్ నెలలో రోజా ఉండే ముస్లిం సోదరీమణుల సంగతి సరేసరి. ఆకలేస్తుంది, నీరసంగా ఉంటుంది. అయినా షుగరు జబ్బు లేని మనిషికి రక్తంలో చక్కెర పెద్దగా తగ్గదు. తిననిదే ఆ చక్కెర ఎక్కడిదంటారు?

మన రక్తం మొత్తంలో ఉండే చక్కెర సుమారు 5 గ్రాములు. చిన్న చెంచాడు, అంతే! మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది. అంటే ఆ చెంచాడు దానికి గంటసేపటికే సరి.

పూర్వం మన పల్లెల్లో జొన్నలు పాతర వేసేవారు, గుర్తుందా? ఒంట్లో అలాంటి పాతర కాలేయం. మనం కార్జం అంటామే, అదే. రొట్టె తిన్నాక క్లోమగ్రంథి వదిలే ఇన్సులిన్, చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి అక్కడ దాచిపెట్టిస్తుంది. సుమారు 100 గ్రాములు పడుతుంది. కండల్లోనూ దాస్తుంది గానీ, కండ తనది తనే వాడుకుంటుంది, పొరుగువాళ్లకు చేబదులివ్వదు! తిండి ఆగి ఇన్సులిన్ తగ్గగానే అదే క్లోమం నుంచి గ్లూకగాన్ అనే హార్మోను వచ్చి పాతర తీయిస్తుంది. పాతర తరిగేకొద్దీ కాలేయం మాంసకృత్తుల నుంచీ, కొవ్వులోని గ్లిజరాల్ నుంచీ కొత్త చక్కెర తయారుచేస్తుంది. ఇంతసేపూ ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోదు. కొద్దిగా ఉండి, పాతర ఒక్కసారే ఖాళీ కాకుండా కాపు కాస్తుంది.

తెల్లవారుజామున కార్టిసాల్ కూడా పెరిగి, లేవబోయే మనిషికి మరికాస్త చక్కెర సిద్ధం చేయిస్తుంది. అందుకే పరగడుపు పరీక్షలో కనిపించేది చాలావరకు కాలేయం వదిలిన చక్కెరే. రిపోర్టు బాగా రావాలని రాత్రి అన్నం మానేసి వెళ్లేవాళ్లున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకపోతే చాలు. 70 నుంచి 99 వరకు మామూలు. 100 నుంచి 125 వస్తే జాగ్రత్త పడాలి. 126, ఆపైన వస్తే మరోసారి చేయించి నిర్ధారించుకోవాలి. జ్వరంలోనూ, నిద్ర లేని రాత్రి తర్వాతా కాస్త పెరగవచ్చు.

ఇదంతా షుగరు లేనివాళ్ల సంగతి. ఇన్సులిన్ ఇంజెక్షనో, ఇన్సులిన్‌ను పెంచే మాత్రలో వాడేవాళ్ల లెక్క వేరు. తిండి లేదని మన క్లోమం ఇన్సులిన్ తగ్గిస్తుంది గానీ, మింగిన మాత్రకు ఆ రోజు ఏకాదశని తెలియదు కదా! మీ అత్తగారో, అమ్మగారో అలాంటి మందులు వాడుతుంటే ఉపవాసానికి ముందే డాక్టరును అడగండి. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే అది చక్కెర పడిపోతోందని అడ్రినలిన్ చేసే హెచ్చరిక. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. మగత కమ్మితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్కపొద్దు వచ్చే వారం ఉండొచ్చు.