పికప్ బండికి సీటు కవర్లు వేస్తున్నారా..? ముందు బెల్టు లాక్ ఎక్కడుందో చూసుకోండి!

కొత్త బండి షోరూమ్ గేటు దాటగానే పూజ, ఆ తర్వాత నేరుగా సీటు కవర్ల షాపు. పికప్ వాహనం కొన్న చాలామంది చేసే పని ఇదే. అందులో తప్పేమీ లేదు. తెల్లవారకముందే కూరగాయల లోడుతో మార్కెట్‌కు, మధ్యాహ్నం సిమెంట్ బస్తాలతో సైటుకు తిరిగే బండిలో సీటుకు చెమట, దుమ్ము, మట్టి అంటకుండా ఉండవు. కవర్ లేకపోతే రెండేళ్లలోనే సీటు చిరిగి లోపలి ఫోమ్ బయటకు వస్తుంది.

అయితే అసలు సమస్య వేరే చోట ఉంది. హడావిడిగా కవర్ తొడిగేటప్పుడు సీటు బెల్టు లాక్ కవర్ కిందకు వెళ్లిపోతుంది. 'ఊళ్లో తిరిగే బండికి బెల్టు ఎందుకులే' అని అలాగే వదిలేస్తారు. ఆ రోజు నుంచి ఆ బండిలో బెల్టు ఉన్నా లేనట్టే!

కొనేముందు ఏం చూడాలి?

పికప్‌లన్నింటికీ ఒకే సైజు కవర్ సరిపోదు. కొన్నింట్లో డ్రైవర్‌కు, పక్కన కూర్చునేవారికి విడివిడి సీట్లు ఉంటాయి. కొన్నింట్లో డ్రైవర్ పక్కన పొడవాటి బెంచ్ సీటు ఉంటుంది. డబుల్ క్యాబ్ బండ్లలో వెనక మరో వరుస కూడా ఉంటుంది. హెడ్‌రెస్ట్ విడిగా ఊడి వస్తుందా, సీటుతో కలిసే ఉందా అన్నది కూడా ముఖ్యమే. అందుకే మోడల్, తయారైన సంవత్సరం, వేరియంట్ చెప్పి కవర్ తీసుకోవాలి. 'యూనివర్సల్' అని అమ్మేవి ధర తక్కువే కానీ, వదులుగా ఉండి జారిపోతుంటాయి.

రెగ్జిన్ కవర్ తుడిస్తే శుభ్రమైపోతుంది. నీళ్లు, మట్టి లోపలికి దిగవు. కానీ ఎండాకాలంలో నల్ల రెగ్జిన్ మీద కూర్చోవడం పెనం మీద కూర్చున్నట్టే. గుడ్డ కవర్‌కు గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది. మరక పడితే మాత్రం ఉతకాల్సిందే. రోజంతా స్టీరింగ్ ముందు ఉండేవారు లేత రంగు రెగ్జిన్ వేయించి, పైన నూలు టవల్ కవర్ వాడుకోవచ్చు. అయితే ఆ టవల్ కదలకుండా కట్టుకోవాలి.

షోరూమ్‌లో సీటుకు చుట్టి ఇచ్చిన ప్లాస్టిక్‌ను ముందు తీసేయాలి. దానిపైనే కవర్ వేస్తే పట్టు ఉండదు, లోపల తేమ నిలిచి వాసన వస్తుంది.

సొంతంగా వేసుకోవడం ఎలా?

సీటు విప్పకుండా తొడిగే కవర్ అయితే ఇంటి దగ్గరే వేసుకోవచ్చు. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసేయాలి. సీటు సందుల్లోని దుమ్ము, చిల్లర, మేకులు శుభ్రం చేయాలి. రెగ్జిన్ కవర్‌ను అరగంట ఎండలో పరిస్తే మెత్తబడి సాగుతుంది.

1. హెడ్‌రెస్ట్ కడ్డీల అడుగున ఉండే చిన్న ప్లాస్టిక్ బటన్ నొక్కి పైకి లాగితే అది ఊడి వస్తుంది.

2. వీపు ఆనే భాగానికి కవర్‌ను పై నుంచి కిందకు తొడగాలి. కుట్లు సీటు అంచులకు సరిగ్గా కూర్చోవాలి. ఒక వైపే లాగితే మొత్తం వంకర పోతుంది.

3. కింద మిగిలిన పట్టీని సీటుకు, వీపు భాగానికి మధ్య ఉన్న సందులోంచి వెనక్కి తోసి, అటువైపు నుంచి లాగి జిప్ లేదా వెల్క్రో బిగించాలి.

4. తర్వాత కూర్చునే భాగం. ముందు అంచు సరిచేసి వెనక్కి లాగాలి. ఈ దశలోనే బెల్టు లాక్‌ను పట్టుకుని కవర్ పైకి తీయాలి. సీటు జరిపే లివర్, వెనక్కి వాల్చే లివర్ కూడా బయటే ఉండాలి.

5. అడుగున ఉండే ఎలాస్టిక్ కొక్కేలను సీటు ఇనుప ఫ్రేముకే తగిలించాలి. వైర్లకు, సీటు జరిగే పట్టాలకు తగిలిస్తే ముప్పే.

6. చివరగా హెడ్‌రెస్ట్ పెట్టి, 'టక్'మని లాక్ పడిందో లేదో చూడాలి.

ముడతలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వారం రోజులు కూర్చున్నాక కవర్ కాస్త సాగుతుంది. అప్పుడు మరోసారి బిగిస్తే సరిపోతుంది.

ఈ బండ్లలో మరింత జాగ్రత్త

టాటా ఏస్ వంటి చిన్న ట్రక్కుల్లో ఇంజన్ సీటు కిందే ఉంటుంది. రిపేరు వస్తే సీటు ఎత్తాల్సిందే. అందుకే కవర్ పట్టీలు సీటు ఎత్తడానికి అడ్డు రాకూడదు, వేడి ఇంజన్ వైపు వేలాడకూడదు.

టయోటా హైలక్స్, ఏపీలోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ వంటి పికప్‌లలో కొన్ని వేరియంట్లకు సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటాయి. సీటు పక్కన 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న ట్యాగ్ కనిపిస్తే, బ్యాగ్ ఆ సీటులోనే ఉన్నట్టు. ప్రమాదంలో అది కన్ను మూసి తెరిచేలోపు తెరుచుకోవాలి. పైన మందపాటి కవర్ బిగించి ఉంటే అడ్డుపడొచ్చు. అలాంటి సీటుకు ఆ వైపు ఖాళీ వదిలిన కవర్, లేదా ఒత్తిడికి ఊడిపోయే ప్రత్యేక కుట్టు ఉన్న కవరే వాడాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థది. దాన్ని పీకకూడదు.

మెత్తగా ఉంటే మంచిదేనా?

నడుం నొప్పి అని కొందరు కవర్ కింద అదనంగా ఫోమ్ వేయిస్తారు. దాంతో కూర్చునే ఎత్తు మారిపోతుంది. పెడల్ అందే తీరు, అద్దాల్లో కనిపించే దృశ్యం కూడా మారతాయి. కవర్ మారిన రోజే సీటు, అద్దాలు మళ్లీ సరిచేసుకోవాలి. పైగా మెత్తని ఫోమ్ మీద జారే కవర్ ఉంటే, సడన్‌గా బండి ఢీకొన్నప్పుడు నడుము బెల్టు కిందకు జారుతుంది. అప్పుడు తుంటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు పొట్టను నొక్కేస్తుంది. లోపలి అవయవాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టంలోని 194బీ సెక్షన్ ప్రకారం రూ.1,000 జరిమానా. లాక్ కవర్ కింద ఉండిపోయిందని చెప్తే పోలీసులు వదలరు. జరిమానా అయితే కట్టొచ్చు, ప్రాణం పోతే మాత్రం తిరిగిరాదు.

రెండు నిమిషాల పరీక్ష

పని అయిపోగానే షాపులోంచి బండి తీయొద్దు. డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టి లాగి చూడాలి. చూడకుండానే ఒక చేత్తో లాక్ అందాలి. సీటును చివరి వరకు ముందుకు, వెనక్కి జరపాలి. వాల్చే వీలుంటే వాల్చి చూడాలి. పక్క సీటు బెల్టు కూడా పెట్టి చూడాలి. ఎందుకంటే క్లీనర్ కూర్చునేది అక్కడే. అతని లాక్ కవర్ కింద ఉండిపోయిందని ఎవరూ పట్టించుకోరు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే డబ్బులు ఇచ్చి బయల్దేరండి. లేదంటే మళ్లీ విప్పించి వేయించండి. మహా అయితే ఇంకో పావుగంట పడుతుంది, అంతే!