రాయి తీసినవాళ్ల గొంతు

చీమకుర్తి నల్లరాయిని వ్యాపారులు గెలాక్సీ అంటారు. నల్లటి ఒంటి మీద బంగారు రవ్వలు చల్లినట్టుండే ఆ గ్రానైటు రామతీర్థం వైపు క్వారీల్లోంచి బ్లాకులుగా లేచి, లారీలెక్కి, ఓడలెక్కి, ఏ దేశంలోనో వంటగట్టో సమాధో అవుతుంది. బ్లాకుకు నంబరుంటుంది, కొలతలుంటాయి. తీసినవాడి మాట మాత్రం ఏ చిట్టాలోకీ ఎక్కదు.

ఎక్కించడం కుదరదా అంటే, పొరుగునే పల్నాడు ఉంది. పల్నాటి వీరుల కథకు శ్రీనాథుడి పేరున ద్విపద ఉంది. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని 1911లో అచ్చు వేయించారు. కానీ కారెంపూడిలో ఆ కథను తరతరాలుగా పాడుతున్నది వీరవిద్యావంతులు. 1970ల్లో జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు అమెరికా నుంచి వచ్చి, వాళ్లలో అలిశెట్టి గాలెయ్య పాడిన కథను టేపుల మీదికి ఎక్కించాడు. ఆక్స్‌ఫర్డ్ 1982లో వేసిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ దాని మీద ఆధారపడిందే. కావ్యం పక్కన పాటగాడికీ పీట పడింది.

హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఇదే పని వేరే తీరులో చేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను మాట్లాడించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అందులో తమ మాటల్లోనే కథ చెప్పుకుంటారు. నాకు ఎంతో ఇష్టమైన పుస్తకం. అయినా ఒక్క ‘ఆఁ’ను మనిషి ఎన్ని రకాలుగా పలుకుతుందో అచ్చుకు అందదు. అందుకే పుస్తకం వచ్చాక కూడా టేపు పారేయకూడదంటాను.

మరి చీమకుర్తిలో ఎవర్ని కూర్చోబెట్టాలి? డైమండ్ వైరు కోత రాకముందు ఉలీ సమ్మెటతో రాయి చీల్చినవాళ్లను. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ ఊరి సంగతులన్నీ తిరగేసే ఆడవాళ్లను. ముందు క్వారీవాళ్లనే అడగాలి. డ్రిల్లు లేపే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మనిషి వాక్యం మధ్యలోనే ఆయాసపడతాడు.

ఫోను చాలు. ఫ్యాను ఆపండి. పేరు, ఊరు, తేదీ మొదట వాళ్ల నోటితోనే చెప్పించండి. ఆ ముక్క లేకపోతే మనవళ్ల కాలానికి అది ఎవరి గొంతో చెప్పేవాళ్లుండరు. వాట్సాప్‌లో పంపేసి ఊరుకోకుండా, అసలు ఫైలును రెండు మూడు చోట్ల దాచండి. బీరువాలో పాత క్యాసెట్లుంటే ఇప్పుడే బయటికి తీయండి: తేమకు బూజు పడుతుంది, టేపు మీది పూత రాలుతుంది, వినిపించే ప్లేయరు అంతకన్నా ముందే మాయమవుతోంది.

ఇంకో సంగతి. కూలి బాకీ గురించి చెప్పినవాడు రేపు మళ్లీ అదే క్వారీలో దిగాలి. ఎవరికి వినిపించాలో, ఎప్పుడు వినిపించాలో తేల్చేది అతనే. పెద్ద ఆర్కైవుల్లోనూ కొన్ని ఇంటర్వ్యూలు చెప్పినవాళ్లు పెట్టిన గడువు దాటేదాకా బయటికి రావు. ‘ఇది తీసెయ్ నాయనా’ అంటే, అతని ముందే తీసెయ్యాలి.