ఇటుక పొగగొట్టాల తనిఖీ, నిర్వహణ

ఇటుక పొగగొట్టం లేదా చిమ్నీ అనగా ఇంటిలోని పొయ్యి నుండి గాని, బాయిలరు నుండి గాని వెలువడే పొగను, వేడి వాయువులను పైకప్పు మీదుగా బయటకు పంపుటకు ఇటుకతో లేదా రాతితో కట్టిన నిలువు కట్టడం. ఇంగ్లండు, స్కాట్లండు, జర్మనీ, కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య భాగం వంటి శీతల ప్రాంతాలలో నూరు, నూటయాభై ఏండ్ల నాటి ఇండ్లలో ఇవి నేటికీ వాడుకలో ఉన్నాయి. చూచుటకు దిట్టంగా ఉన్నప్పటికీ, ఇంటిలోని మరే భాగానికీ లేనన్ని బాధలు ఈ కట్టడానికి ఉన్నాయి. లోపల నిప్పు, ఆమ్లగుణం గల తేమ; బయట వాన, మంచు, గాలి. దీనిని పట్టించుకోకుండా వదలినచో రెండు ప్రమాదాలు కలుగుతాయి. ఒకటి ఇల్లు అంటుకొనుట, రెండవది కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఇంటిలోనికి చేరుట.

తెలుగునాట చిమ్నీ అనగానే ఇటుక బట్టీయో, రైసు మిల్లో, కిరసనాయిలు దీపపు గాజు గొట్టమో గుర్తుకు వస్తుంది. ఇంటిని వెచ్చబెట్టే పొయ్యి మనకు అలవాటు లేదు. భారతదేశంలో సిమ్లా, ఉదకమండలం వంటి కొండ ఊళ్ళలో బ్రిటిషువారు కట్టిన బంగళాలలో మాత్రం వీటిని చూడవచ్చు. అయితే అమెరికా, బ్రిటను, కెనడా దేశాలలో స్థిరపడిన తెలుగువారిలో కొందరు పాత ఇండ్లను కొనుచున్నందున ఈ విషయం మనకు కూడా కొంత అవసరమైనదే.

చరిత్ర

ప్రాచీన ఐరోపా ఇండ్లలో పొయ్యి గది నడుమ ఉండేది. పొగ కప్పులోని రంధ్రం గుండా పోయేది. గోడలోనే పొగదారిని కట్టే పద్ధతి ఇంగ్లండులో 12వ శతాబ్దం నాటి కోటలలో కనిపిస్తుంది. సామాన్యుల ఇండ్లకు ఇది 16, 17 శతాబ్దాలలో గాని వ్యాపించలేదు. 1662లో ఆ దేశపు ప్రభుత్వం పొయ్యిల సంఖ్యను బట్టి పన్ను విధించి, 1689లో రద్దు చేసింది. 1666 నాటి లండను మహాగ్ని ప్రమాదం తరువాత, 1667లో చేసిన చట్టం ఆ నగరంలో కొత్త ఇండ్లను ఇటుకతో గాని, రాతితో గాని కట్టవలెనని శాసించింది. 1796లో కౌంట్ రంఫర్డు అనే శాస్త్రవేత్త పొయ్యి లోతును తగ్గించి, పక్కగోడలను ఏటవాలుగా కట్టి, పొగదారి గొంతును ఇరుకు చేసినచో పొగ తగ్గి వేడి పెరుగునని వివరించాడు. పాత ఇండ్లలో నేడు కనిపించే అనేక పొయ్యిలు ఈ నమూనాను అనుసరించినవే.

ఈ చరిత్రలో మరువరాని చీకటి భాగం ఒకటి ఉన్నది. బొగ్గు వాడకం పెరిగిన కొద్దీ పొగదారులు సన్ననివైనవి. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు గల దారులు సాధారణం. వీటిలోని మసిని దులుపుటకు చిన్నపిల్లలను లోపలికి ఎక్కించేవారు. ఈ పని చేసినవారికి వృషణకోశానికి వచ్చే క్యాన్సరుకు మసియే కారణమని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో తెలిపాడు. ఒక వృత్తికీ క్యాన్సరుకూ గల సంబంధాన్ని చూపిన తొలి పరిశీలనలలో ఇది ఒకటి. కవి విలియం బ్లేక్ ఈ పిల్లల గురించి 1789లోను, 1794లోను కవితలు ప్రచురించాడు. ఎనిమిదేండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదని 1788లో చట్టం వచ్చినది గాని దానిని అమలుపరచిన వారు లేరు. 1828 నాటికే జోసెఫ్ గ్లాస్ రూపొందించిన పొడవైన కర్రల బ్రష్షు అందుబాటులోనికి వచ్చినది. అయినను 1875లో జార్జి బ్రూస్టరు అనే బాలుడు కేంబ్రిడ్జి సమీపంలోని ఒక ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కొని మరణించిన తరువాతనే, లార్డ్ షాఫ్ట్స్‌బరీ పట్టుదల వలన, అదే ఏడు వచ్చిన చట్టంతో ఈ ఆచారం అంతమైనది. సాధనం చేతికి వచ్చిన తరువాత కూడా నలభై యేడేండ్లు పిల్లలను ఎక్కించారన్నది గమనించదగిన విషయం.

నిర్మాణం, పనిచేయు విధానం

వేడెక్కిన వాయువు తేలికై పైకి లేచుట వలన పొగ బయటకు పోతుంది. పొగగొట్టం ఎంత ఎత్తుగా, లోపల ఎంత వెచ్చగా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. ఇంటి నడుమ కట్టిన పొగగొట్టం చుట్టూ గదుల వెచ్చదనం ఉండుట వలన బాగా పనిచేస్తుంది. బయటి గోడకు ఆనించి కట్టినది త్వరగా చల్లబడి, పొగను గదిలోనికే నెట్టవచ్చును. అమెరికా నియమాల ప్రకారం పొగగొట్టం కప్పును దాటిన చోటు నుండి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలోని ఏ భాగం కంటెనైనా 2 అడుగులు ఎత్తుగా ఉండవలెను. లేనిచో గాలి సుడి తిరిగి పొగను క్రిందికి నొక్కుతుంది.

పొగ పోయే లోపలి దారిని పొగదారి అందాము. పాత ఇంగ్లీషు ఇండ్లలో దీనికి లోపలివైపు సున్నంలో ఆవుపేడ కలిపి పూత పూసేవారు. మన పల్లెలలో పేడతో అలుకుట తెలిసినవారికి ఇది వింతగా తోచదు. ఈ పూత కాలక్రమాన రాలిపోతుంది. తరువాతి కాలంలో కాల్చిన మట్టి గొట్టాలను ఒకదానిపై ఒకటి పేర్చి లోపలి తొడుగుగా అమర్చుట మొదలైనది. బ్రిటనులో 1965 నాటి భవన నిబంధనలతో తొడుగు తప్పనిసరి అయినది. కావున అంతకు ముందటి ఇల్లయితే తొడుగు లేదనే అనుమానంతో పరీక్ష మొదలుపెట్టుట మంచిది.

పాడగుటకు కారణాలు

అన్నిటికంటె పెద్ద శత్రువు నీరు. నీరు గడ్డకట్టునపుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఇటుక రంధ్రాలలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరగి, మరల రాత్రి గడ్డకట్టుచుండగా ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. ఎడతెగని గడ్డు చలి కంటె, సున్నా డిగ్రీలకు అటూ ఇటూ ఊగిసలాడే వాతావరణమే ఇటుకకు ఎక్కువ చెరుపు చేస్తుంది. కప్పుపైన ఉన్న భాగానికి నాలుగు వైపులా చలి తగులును గనుక అదే ముందుగా శిథిలమవుతుంది.

బొగ్గు పొగలోని గంధకం తేమతో కలిసి సల్ఫేటు లవణాలను ఏర్పరుస్తుంది. ఇవి సిమెంటుతో చర్య జరిపి దర్జులను ఉబ్బిస్తాయి. తడి ఎక్కువగా తగిలే వైపు దర్జులు ఎక్కువగా ఉబ్బి, పొగగొట్టం రెండవ వైపుకు వంగుతుంది. పాత ఊళ్ళలో ఒకే దిక్కుకు వంగిన పొగగొట్టాల వరుస కనిపించుటకు ఇది ఒక కారణం.

కట్టెలు కాల్చే ఇండ్లలో అసలు భయం క్రియోసోటు వలన. పచ్చి కట్టెల పొగలోని తారు ఆవిరులు చల్లని గోడకు తగిలి పేరుకొనే నల్లని పదార్థమిది. పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియసు కంటె తగ్గినచో ఇది త్వరగా ఏర్పడుతుంది. మొదట పొడిగా, తరువాత పెళుసైన రేకులుగా, చివరకు గాజువలె మెరిసే గట్టి పొరగా మారుతుంది. కట్టెలలో తేమ 20 శాతానికి లోపుగా ఉండవలెను. చీల్చి, పైన మాత్రం కప్పు వేసి, గాలి తగిలేటట్లు ఎండబెట్టుటయే దీనికి మార్గం. రాత్రంతా నిలవాలని గాలిని బిగించి పొగబెట్టుట పొదుపుగా కనిపించును గాని, క్రియోసోటును పెంచుటకు అంతకు మించిన దారి లేదు.

గ్యాసుకు మారిన ఇండ్లవారు తమ పొగగొట్టానికి ఇక భయం లేదని అనుకొంటారు. ఇది పొరపాటు. ఒక ఘనమీటరు మీథేను మండినచో సుమారు 1.6 కిలోల నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. బొగ్గు కొరకు కట్టిన వెడల్పు పొగదారిలో ఈ ఆవిరి పైకి చేరక ముందే చల్లబడి, నీరై గోడల వెంట కారుతుంది. ఇంకొక పరిస్థితి మరింత ప్రమాదకరం. ఇంటిని వెచ్చబెట్టే పెద్ద యంత్రాన్ని మార్చి, దాని పొగను పక్కగోడ నుండి ప్లాస్టిక్ గొట్టం ద్వారా పంపుతారు. నీళ్ళు కాచే చిన్న యంత్రం ఒక్కటే పాత పొగదారిపై మిగులుతుంది. దాని వేడి ఆ పెద్ద దారిని వెచ్చబెట్టుటకు చాలదు. లాగుడు లేక వాయువులు ఇంటిలోనికే తిరిగి వస్తాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబినుతో అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. తలనొప్పి, వికారం, మగత దీని లక్షణాలు. ఇంటిలోని వారందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటకు వెళ్ళినపుడు తగ్గినచో, జలుబు అనుకొనక వెంటనే ఇల్లు విడువవలెను. పడకగదుల వద్ద ఈ వాయువును పసిగట్టే అలారం ఉండుట తప్పనిసరిగా భావించవలెను.

తనిఖీ

అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం వారి 211వ ప్రమాణం ఏటా ఒకసారి తనిఖీ చేయించవలెనని చెబుతుంది. అందులో తనిఖీలు మూడు స్థాయిలుగా ఉన్నాయి. వాడుకలో ఏ మార్పూ లేనపుడు కంటికి అందే భాగాలను చూచుట మొదటి స్థాయి. ఇల్లు చేతులు మారినపుడు, ఇంధనం లేదా పొయ్యి మార్చినపుడు, మంట, భూకంపం వంటివి సంభవించినపుడు అటక, నేలమాళిగలతో పాటు పొగదారి లోపలి భాగాన్ని కెమెరాతో చూచుట రెండవ స్థాయి. గోడను కొంత పగలగొట్టి చూడవలసినది మూడవ స్థాయి. ఇల్లు కొనువారు గుర్తుంచుకొనవలసినది రెండవ స్థాయి. సాధారణ గృహ పరీక్షలో పొగదారి లోపలి భాగాన్ని చూడరు.

ఇంటివారు స్వయంగా చూడదగినవి కూడా ఉన్నాయి. కప్పు ఎక్కనవసరం లేదు, దుర్భిణితో నేల మీద నుండి చూడవచ్చు. పెచ్చులూడిన ఇటుకలు, ఖాళీ అయిన దర్జులు, తెల్లని ఉప్పుపొర, వంపు, తల మీది సిమెంటు పలకలో పగుళ్ళు దూరం నుండే తెలుస్తాయి. క్రింద పడిన మట్టి పెంకులు తొడుగు పగిలినదనుటకు గుర్తు. అటకలో పొగగొట్టం చుట్టూ తడి మరకలు ఉన్నచో, కప్పుకు పొగగొట్టానికి నడుమ అతికిన సీసపు రేకు చెడినదని అనుమానించవలెను. అక్కడే మసి చారలు కనిపించినచో సంగతి వేరు. పొగ గోడను దాటి వస్తున్నదని అర్థం, ఆ పొయ్యిని అప్పటికప్పుడే ఆపవలెను. ఇంటి లోపలి పొగగొట్టానికి, చెక్క దూలాలకు నడుమ 2 అంగుళాల ఖాళీ ఉండవలెనన్నది అమెరికా నియమం. పాత ఇండ్లలో దూలాన్ని ఇటుకలోనికే దిగవేసిన సందర్భాలు తరచుగా బయటపడతాయి. ఏండ్ల తరబడి వేడి తగిలిన చెక్క, మామూలు కంటె తక్కువ వేడికే అంటుకొనగలదు. నిన్నటి వరకు ఏమీ కాలేదు గనుక ఇక ఏమీ కాదని వాదించుట ఈ విషయంలో చెల్లదు.

శుభ్రపరచుట

మసి, క్రియోసోటుల మందం 3 మిల్లీమీటర్లకు చేరినచో తీయించవలెను. పొయ్యి ముఖానికి గుడ్డ కట్టి, దారి కొలతకు సరిపడు బ్రష్షును కర్రలకు తగిలించి నడుపుతారు. మట్టి తొడుగుకు ఉక్కు తీగల బ్రష్షు, స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగుకు ప్లాస్టిక్ బ్రష్షు వాడుతారు. గాజువలె గట్టిపడిన పొర బ్రష్షుకు రాదు. దానికి గొలుసులు తిరిగే యంత్రమో, రసాయనమో కావలెను. మంటలో వేసే శుభ్రపరచు పొడులు, దుంగలు బ్రష్షుకు సాయమే గాని బదులు కావు. జర్మనీలో ఈ పని ఇంటి యజమాని ఇష్టానికి వదలలేదు. జిల్లా పొగగొట్టాల అధికారి ఏడేండ్లలో రెండుసార్లు ఇంటికి వచ్చి పొయ్యిలన్నిటినీ చూచుట చట్టబద్ధమైనది.

మరమ్మతులు

పాత పొగగొట్టాలకు ఎక్కువ హాని చేయునది ఒక్కొక్కసారి మరమ్మతే. 19వ శతాబ్దంలో చాలా ఇండ్లను సున్నపు గచ్చుతో కట్టారు. మన పెద్దలు గానుగ సున్నంతో కట్టిన గోడల వలెనే ఇది మెత్తనిది, తేమను పీల్చి వదలునది. దీనిని గీకివేసి గట్టి పోర్ట్‌లాండు సిమెంటు నింపినచో, నీరు దర్జు గుండా బయటకు పోలేక ఇటుక గుండా పోతుంది. పైగా ఇటుక వ్యాకోచించినపుడు సిమెంటు లొంగదు. కొన్ని శీతకాలాలకే దర్జులు నిలిచి ఇటుకలు అరిగిన గోడ మిగులుతుంది. దర్జు ఎప్పుడూ ఇటుక కంటె మెత్తగా ఉండవలెను. పాత గచ్చును దర్జు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకు తీసి, తడిపి, పొరలు పొరలుగా నింపవలెను. మంచు కురిసే రోజులలో ఈ పని చేయరాదు.

తల మీది పలక బయటికి వాలుగా ఉండి, నీరు గోడకు తగలకుండా జారునట్లు అంచు ముందుకు రావలెను. దానిపై జాలీ గల టోపీ అమర్చినచో వాన, పక్షులు, నిప్పురవ్వలు మూడింటికీ అడ్డు. గోడకు నీటిని ఆపే పూత వేయదలచినచో ఆవిరిని బయటకు వదలే రకాన్నే వాడవలెను. మామూలు రంగు వేసినచో తేమ లోపలే బిగిసి, గోడను ఇంకా త్వరగా చెరుపుతుంది. తొడుగు లేని లేదా పగిలిన పొగదారిలో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని, వేడి పోకుండా చుట్టుతో సహా దించుట నేడు ఎక్కువగా అనుసరించే పద్ధతి. ఇది ఖర్చుతో కూడినదే, కాని అన్ని మరమ్మతులలోను ప్రాణరక్షణకు ఎక్కువ పనికివచ్చునది ఇదే.

పొగగొట్టంలో మంట

క్రియోసోటు అంటుకొన్నపుడు లోపల వేడి 1000 డిగ్రీల సెల్సియసును దాటవచ్చును. రైలు వచ్చుచున్నట్లు హోరు వినిపిస్తుంది, పైనుండి నిప్పురవ్వలు ఎగురుతాయి. అందరూ బయటకు వచ్చి అగ్నిమాపక దళాన్ని పిలువవలెను. అవకాశముంటే గాలి పోయే ద్వారాలను మూయవచ్చును. పొగదారిలో నీరు పోయరాదు, వేడెక్కిన మట్టి తొడుగు ఒక్కసారిగా పగులుతుంది. కొన్ని మంటలు చప్పుడు లేకుండా నెమ్మదిగా మండి ఆరిపోతాయి. ఇంటివారికి తెలియనే తెలియదు, పగుళ్ళు మాత్రం మిగులుతాయి. ఉబ్బి తేనెపట్టు వలె మారిన క్రియోసోటు కనిపించినచో లోపల ఒకసారి మంట జరిగినదని తెలుసుకొనవలెను.

వాడుకలో లేని పొగగొట్టాలు

పొయ్యి ఆపివేసినంత మాత్రాన పొగగొట్టాన్ని మరచిపోరాదు. పూర్తిగా మూసివేసినచో లోపల తేమ నిలిచి, పాత మసితో కలిసి గోడలపై గోధుమరంగు మరకలు వేస్తుంది. పైన వాన పడని మూత, క్రింద గాలి ఆడే చిన్న జాలీ ఉండవలెను. గది వెడల్పు కొరకు క్రింది భాగాన్ని మాత్రం కూల్చువారు పైభాగపు బరువుకు తగిన ఆధారం ఇవ్వవలెను. ఇంజనీరు సలహా లేకుండా ఈ పని చేయుట ప్రాణాంతకం.

ఉత్తర అమెరికాలో ఇంకొక సంగతి ఉన్నది. చిమ్నీ స్విఫ్ట్ అనే చిన్న పక్షి కొమ్మపై వాలలేదు, నిలువు గోడను పట్టుకొని మాత్రమే నిలువగలదు. అడవులలోని బోలు మానులు తగ్గిన తరువాత ఇది ఇటుక పొగగొట్టాలను ఆశ్రయించినది. శీతకాలం దక్షిణ అమెరికాలో గడిపి, వసంతంలో వచ్చి, గరుకైన గోడకు పుల్లలను తన లాలాజలంతో అతికించి గూడు కడుతుంది. నున్నని స్టీలు తొడుగు దానికి పట్టు దొరకనివ్వదు. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం గుడ్లు లేదా పిల్లలు ఉన్న గూటిని తొలగించుట నేరం. కెనడాలోను ఈ పక్షిని అంతరించే ముప్పు గల జాతిగా పరిగణిస్తున్నారు. అందుచేత అక్కడ శుభ్రపరచుట, టోపీ పెట్టుట వంటి పనులను పక్షులు తిరిగి వెళ్ళిన తరువాత, శరదృతువులో పెట్టుకొంటారు.