గుట్టయే పాఠశాల

బడంగ్‌పేటలో పునాదికై త్రవ్వినప్పుడు తగులు గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. క్రొత్తగా విరిగిన ముక్కను ఎండలో త్రిప్పి చూడుడు. గాజువలె మెరయునది పలుగురాయి, గులాబివన్నెది ఫెల్‌స్పార్, నల్లగా తళుక్కుమను రేకులు కాకిబంగారము. భూగర్భమున శిలాద్రవము మెల్లగా చల్లారుటచేతనే ఈ పలుకులు కంటికి కనబడునంతగా పెరిగినవి.

గుట్టపై ఒకదానిపై నొకటి నిలిచిన గుండ్లను ఎవ్వరును పేర్చలేదు. శిలలోని పగుళ్లలో దిగిన నీరు అంచులను మెత్తబరచినది. ఆ మెత్తని భాగము వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు మిగిలినవి.

ఇవి కంకరగా మారుచుండుట చూచి, హైదరాబాదున 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ సామాన్యులకు శిలాయాత్రలు నడిపినది. మీరును ఒక ఆదివారము పిల్లలతో దగ్గరి గుట్ట నెక్కి చూడుడు. ఒకమారు పేల్చిన గుండు మరల మొలవదు.