వదిలిపెట్టడం కాదు, కనిపెట్టి ఉండడం



ప్రొబేషన్ అనే మాట మనకు కొత్తేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం రాగానే, "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడండీ, పర్మనెంటు కాలేదు" అని చుట్టాలకు చెబుతూంటాం. అంటే కుర్చీ అయితే ఇచ్చారు గాని, ఆ మనిషి పనీ నడతా కొంతకాలం కనిపెట్టి చూస్తారన్నమాట. ఇదే మాట కోర్టులోనూ ఉంది. అక్కడ కనిపెట్టి చూసేది కొత్త గుమాస్తాను కాదు, నేరం చేసినట్టు రుజువైన మనిషిని.

ఈ సంగతి వినగానే మనలో చాలామందికి తోచే ప్రశ్న ఒకటే. "నేరం చేసినవాణ్ణి జైల్లో పెట్టకుండా ఊళ్ళోకి పంపిస్తే, పిల్లాపాపలతో కాపురాలు చేసుకునే మనకు రక్షణ ఏదీ?" అని. సబబైన ప్రశ్నే. ఇవాళ దానికి జవాబు చెప్పుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఒక ఇంట్లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు పనికి ఉన్నాడనుకుందాం. ఒకరోజు వెండి కంచం కనిపించలేదు. పోలీసులు వెతికితే తాకట్టు కొట్టులో దొరికింది. కుర్రాడు తప్పు ఒప్పుకున్నాడు. ఇదివరకు వాడి మీద ఏ కేసూ లేదు. యజమాని సొత్తును పనివాడు దొంగిలిస్తే చట్టప్రకారం ఏడేళ్ళ దాకా జైలుశిక్ష వెయ్యవచ్చు. మేజిస్ట్రేటు గారు ఏం చెయ్యాలి?

ఆరు నెలలు జైలు వేశారనుకోండి. ఆ ఆరు నెలలూ వీధికి వాడి బెడద లేదు, నిజమే. మరి ఏడో నెల మాటేమిటి? లోపల తాళాలు తియ్యడంలో ఆరితేరినవాళ్ళతో సావాసం, బయటికొస్తే జైలుకెళ్ళొచ్చాడన్న పేరు. పని ఎవరిస్తారు? ఇల్లు ఎవరు అద్దెకిస్తారు? పాలు తోడుపెట్టే మనకు తెలిసిన సంగతే కదా, పుల్లటి తోడు వేస్తే పెరుగూ పుల్లగానే వస్తుంది. కరడుగట్టిన నేరస్థుల మధ్య పడి కుర్రవాళ్ళు కూడా అలాగే తయారవకుండా చూడడమే ప్రొబేషన్ చట్టం ఉద్దేశమని 1972లో సుప్రీంకోర్టు కూడా వివరించింది.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. దీన్ని మొదలుపెట్టినవాడు జడ్జీ కాదు, ప్లీడరూ కాదు. అమెరికాలో బోస్టన్ నగరంలో బూట్లు కుట్టే జాన్ అగస్టస్ అనే ఆయన. 1841లో ఒక తాగుబోతును శిక్షకు పంపబోతూంటే, ఈయన లేచి తాను జామీను ఉంటానన్నాడు. మూడు వారాలయ్యాక ఆ మనిషిని మళ్ళీ కోర్టుకు తీసుకొచ్చాడు. తాగుడు మానిన ఆ మనిషిని చూసి జడ్జీ గారు ఒక్క సెంటు జరిమానా, కోర్టు ఖర్చులతో సరిపెట్టారు. 1858 నాటికి అగస్టస్ అలా పూచీ పడ్డవాళ్ళు 1,946 మంది. వాళ్ళలో 794 మంది ఆడవాళ్ళు. అడిగిన ప్రతివాడికీ ఆయన పూచీ పడలేదు. వయసేమిటి, ఇదివరకటి నడవడి ఎలాంటిది, ఇకముందు ఎవరి మధ్య బతుకుతాడు అని విచారించి గాని ఒప్పుకునేవాడు కాదు. తరవాత 1878లో బోస్టన్ మేయరు జీతం ఇచ్చి ప్రొబేషన్ అధికారిని నియమించేలా అక్కడ చట్టం వచ్చింది. ఆ ఉద్యోగంలో మొదట చేరిన ఎడ్వర్డ్ శావేజ్ అంతకుముందు ఆ నగర పోలీసు అధిపతిగా చేసినవాడే. నేరస్థుణ్ణి బాగుచెయ్యడమూ, నగరాన్ని కాపాడడమూ వేరువేరు పనులు కావని దీన్నిబట్టే తెలుస్తోంది కదూ!

మన దగ్గరా ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. మద్రాసు రాష్ట్రంలో ఉన్న తెలుగు జిల్లాలకు 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ చట్టం ఉండేది. దేశమంతటికీ కలిపి 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టం చేశారు. 2024 జూలైలో పాత శిక్షాస్మృతి పోయి కొత్త న్యాయ సంహిత వచ్చినా, ఈ ప్రొబేషన్ చట్టం మాత్రం అమలులోనే ఉంది.

ఇందులో ముఖ్యంగా రెండు మెట్లున్నాయి. మొదటిది మందలించి విడిచిపెట్టడం. దొంగతనం, మోసం వంటి కొన్ని నేరాలకూ, రెండేళ్ళకు మించని శిక్ష పడే నేరాలకూ, అదీ ఇదివరకు శిక్షపడనివాళ్ళకే ఇది వర్తిస్తుంది. రెండోది సత్ప్రవర్తన షరతు మీద విడిచిపెట్టడం. నేరస్థుడు బాండు రాసివ్వాలి. గడువు మూడేళ్ళకు మించదు. కోర్టు అడిగితే పూచీదార్లను కూడా తీసుకురావాలి. వాడికో, వాడి పూచీదారుకో స్థిరమైన నివాసమో, నిలకడైన పనో ఉందని కోర్టు నమ్మాలి. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో పెట్టదలిస్తే అది ఏడాదికి తక్కువ ఉండకూడదు. ఫలానా చోటనే ఉండాలి, తాగకూడదు, మళ్ళీ నేరానికి దారితీసే పనులు చెయ్యకూడదు అని షరతులు పెట్టవచ్చు.

మన ఉదాహరణలో కుర్రాడికి పంతొమ్మిదేళ్ళన్నాను గదా. ఇరవై ఒకటి నిండనివాళ్ళ విషయంలో చట్టం మరీ పట్టుదలగా ఉంది. యావజ్జీవ శిక్ష పడదగ్గ నేరం కాకపోతే, కోర్టు ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడాలి. అయినా జైలుకే పంపదలిస్తే, ఎందుకు పంపుతున్నదీ కారణాలు రాయాలి. పద్ధెనిమిది నిండని పిల్లల సంగతి వేరు, వాళ్ళకు బాలల న్యాయ మండలి ఉంది.

ఇంతకీ ఈ ప్రొబేషన్ అధికారి చేసే పనేమిటి? జిల్లా మేజిస్ట్రేటు అదుపులో పనిచేసే ప్రభుత్వోద్యోగి ఈయన. ఒక్కోసారి ఆవిడ కూడా కావచ్చు. శిక్ష ఖరారు కాకముందు కుర్రాడి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రుల్నీ, ఇరుగుపొరుగునూ, పని ఇచ్చినవాళ్ళనూ విచారించి కోర్టుకు నివేదిక ఇస్తారు. విడిచిపెట్టాక వాడు చెప్పినచోట ఉంటున్నాడా, పనికి పోతున్నాడా, ఎవరితో తిరుగుతున్నాడు అని చూస్తూంటారు. పని లేకపోతే పని వెతికిపెట్టడం కూడా చట్టం ఆయన మీద పెట్టిన బాధ్యతే. చేతికి పని ఉన్నవాడికి చెడు ఆలోచన రావడం తక్కువ. అందుకే ఉద్యోగం చూపించడం కూడా మన ఇళ్ళకు కాపలాలాంటిదే.

"మాట తప్పితేనో?" అంటారా? ఆ బెదురు ఎప్పుడూ ఉండేదే. షరతు మీరితే కోర్టు సమన్లు పంపుతుంది, వారంటూ తియ్యవచ్చు. మొదటిసారైతే 50 రూపాయలకు మించని జరిమానా వేసి, బాండును కొనసాగించవచ్చు. లేదా అసలు నేరానికి అప్పుడే శిక్ష వెయ్యవచ్చు. అంటే శిక్ష రద్దయిపోలేదు, న్యాయస్థానం చేతిలోనే ఉందన్నమాట.

అందరికీ ఈ అవకాశం ఉండదని కూడా తెలుసుకోవాలి. మరణశిక్షో, యావజ్జీవమో పడదగ్గ నేరాలకు సత్ప్రవర్తన మీద విడుదల లేదు. హత్య, మానభంగం, వరకట్న మరణం ఇందులోవే. మత్తుమందుల వ్యాపారం చేసే పెద్దవాళ్ళకూ లేదు. తక్కిన నేరాల్లో కూడా అది హక్కుగా రాదు, కోర్టు విచక్షణను బట్టి ఉంటుంది. 1973లో ఒక వర్తకుడి కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. సువాసన వక్కపొడిలో కలపకూడని తీపి పదార్థాలు కలిపి అమ్మాడు. ప్రొబేషన్ ఇమ్మంటే కోర్టు కాదంది. లాభం కోసం నలుగురి ఆరోగ్యంతో ఆడుకునేవాళ్ళ మీద దయ చూపితే సమాజానికి రక్షణ ఉండదన్నది ఆ తీర్పు సారాంశం. వాహనం నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన డ్రైవర్లకు కూడా దీన్ని తేలిగ్గా ఇవ్వకూడదని 2000లో అదే కోర్టు చెప్పింది.

వస్తువు పోగొట్టుకున్న ఇల్లాలి సంగతి కూడా చట్టం మరిచిపోలేదు. విడిచిపెడుతూనే, నష్టపోయినవాళ్ళకు తగిన పరిహారం కట్టమని ఆజ్ఞాపించవచ్చు. జైలుకు పంపినంత మాత్రాన మన కంచం ఖరీదు మనకు రాదు. బయట కష్టపడితేనే వాడు ఆ డబ్బు తీర్చగలడు. ఈ పరిహారం సంగతి చాలామందికి తెలియక అడగరు. మీకు నష్టం జరిగితే ప్రభుత్వ ప్లీడరుకు చెప్పి, కోర్టు దృష్టికి తీసుకురండి.

ఇక మన వంతు. ఏనాడైనా ప్రొబేషన్ అధికారి మీ తలుపు తట్టి, "ఈ వీధి కుర్రాడి సంగతి మీకేమైనా తెలుసా?" అని అడిగితే, "మాకెందుకొచ్చిన గొడవ" అని తలుపు వేసుకోకండి. చూసింది చూసినట్టు చెప్పండి. విన్నవీ, ఊహించినవీ కలపకండి. మంచి తెలిస్తే మంచీ చెప్పండి. భయం ఉంటే భయమూ చెప్పండి, ఎందుకు భయమో కూడా చెప్పండి. ఆ నివేదిక రహస్యంగా ఉంటుంది. అయితే కోర్టు తలిస్తే దాని సారాంశాన్ని నిందితుడికి చెప్పి, అతని జవాబు కూడా వినవచ్చు. ఒకరి బతుకు తేలే చోట అదీ న్యాయమే. మన ఒక్క మాట వల్ల అమాయకుడు జైలుకు పోవచ్చు, మన మౌనం వల్ల ప్రమాదకరమైనవాడు మన వీధికే తిరిగి రావచ్చు.

గడువంతా సవ్యంగా నడుచుకున్న మనిషికి మళ్ళీ బతికే దారి కూడా మూసెయ్యకూడదు. ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి ఆ శిక్ష తీర్పు వల్ల చట్టరీత్యా వచ్చే అనర్హత ఉండదని 1958 చట్టం 12వ సెక్షను చెబుతోంది. చట్టం తొలగించిన మచ్చను మనం వీధి కుళాయి దగ్గర మళ్ళీ మళ్ళీ ఎత్తి చూపుతూంటే లాభమేమిటి? బీరువా తాళాలు అప్పగించమని నేను అనడం లేదు. తాళాలు మన దగ్గరే ఉండాలి. తోట పనో, కొట్లో మూటలు మోసే పనో, వాడి చేతికి తగిన పని ఒకటి చూపిస్తే చాలు. నగరానికి ఎంతమంది ప్రొబేషన్ అధికారులున్నా వాళ్ళు నెలలో కొన్ని గంటలే ఆ కుర్రాణ్ణి చూడగలరు. తక్కిన గంటలన్నీ వాడు బతికేది మన మధ్యనే.

ఈ నాలుగు మాటలూ ఇంట్లో మీవారితోనూ, ఎదిగిన పిల్లలతోనూ చెప్పుకుంటారని ఆశిస్తున్నాను.